పరాయి నావలు, మన శాసనములు

ఒడ్డున నిలిచి చూచువానికి సముద్రముమీద సరిహద్దు ఏదియు కనబడదు. అయినను విశాఖపట్టణమున పెదజాలారిపేట యిసుకలో వల బాగుచేసికొను జాలరికి కొన్ని గుర్తులు తెలియును. నీటిమీదనుండి వెనుదిరిగి చూడగా ఏ కొండకొమ్ము ఏ కట్టడమునకు సూటిగా వచ్చునో, అపుడు తన తెప్ప క్రింద ఎంత లోతుండునో, ఏ మాసమున ఏ చేప ఆ నీటికి చేరునో అతడు చెప్పగలడు. అవి తాతతండ్రులనుండి వచ్చిన గీతలు. ప్రభుత్వములు నీటిమీద గీసిన గీతలు వేరు. వానికి వయస్సు తక్కువ, తగవులు ఎక్కువ.

ఆ రెండవ జాతి గీతల చరిత్రలో ఒక భాగమును ఈ ప్రసంగమున చెప్పుకొందము. పరదేశీయుల సొత్తయిన వ్యాపారపు చేపల నావలను ప్రభుత్వములు ఎట్లు అదుపుచేయ బూనినవి, ఎంతవరకు చేయగలిగినవి అనునది మన విషయము. నావ యనగా ఇచట తెప్పయు కాదు, నాటుపడవయు కాదు. ఇనుప శరీరము, బలమైన యంత్రము, పట్టిన చేపను మంచుగడ్డవలె గట్టిపరచి నిలువచేయు శీతలపు గదులు కలిగి, ఒడ్డు చూడకుండ నెలల తరబడి తిరుగగల ఓడ. అట్టిది ఒకటి వచ్చినచో మర పడవలు పదులకొలది వేటాడు నీటిని కొలది దినములలో జల్లెడ పట్టగలదు. తీరప్రాంతపు పల్లెలకు ఈ చరిత్ర పుస్తకములలోని ముచ్చట కాకపోవుటకు కారణము ఇదియే.

సముద్రము ఎవ్వరి సొత్తును కాదని హాలెండు దేశపు పండితుడు గ్రోషియస్ 1609లో ఒక గ్రంథము ప్రకటించెను. అది నిష్కామముగ వ్రాసిన వేదాంతము కాదు. తూర్పుదేశపు వర్తకములో పోర్చుగీసువారి గుత్తాధికారమును త్రోసివేయుటకై, అప్పటికే మన మచిలీపట్టణమున కోఠీ పెట్టుకొనియున్న డచ్చి వర్తకసంఘము పక్షమున పుట్టిన వాదము. చిత్రమేమనగా, సరిగా ఆ సంవత్సరమే ఇంగ్లండు రాజు మొదటి జేమ్సు, విదేశీయులు లైసెన్సు లేనిదే తన తీరములందు చేపలు పట్టరాదని శాసించెను. ఆ శాసనపు దెబ్బ ముఖ్యముగా తగులవలసినది హెరింగు చేపలకై అచటికి వచ్చు డచ్చి నావలకే. సముద్రము అందరిదను సిద్ధాంతమును, నా తీరపు చేప నాదను సిద్ధాంతమును ఆ విధముగ కవలపిల్లలవలె ఒకే యేట లోకమున పడినవి.

తరువాత రాజీవంటిది ఒకటి కుదిరెను. ఒడ్డుననున్న ఫిరంగి గుండు ఎంతదూరము పోవునో అంతవరకే రాజు అధికారమని 1702లో బింకర్స్‌హుక్ అను మరియొక డచ్చి న్యాయవేత్త వ్రాసెను. ఆ దూరము కాలక్రమమున మూడు నాటికల్ మైళ్లుగా స్థిరపడెను. నాటికల్ మైలనగా 1,852 మీటర్లు. చేప ఫిరంగిని లెక్కచేయదు గాని, తెరచాప నావల కాలములో ఈ మూడు మైళ్ల లెక్క పెద్ద చిక్కులు తేలేదు. ఆవిరి ట్రాలరు పుట్టి, నేలను గీరుచు పోవు పెద్దవల వాడుకలోనికి వచ్చిన పిదప అది చాలకపోయెను.

1945 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ తమ తీరమునకు ఆనుకొనిన సముద్రభాగములలో చేపల రక్షణకు హద్దులు ఏర్పరచు అధికారము తమకు కలదని ప్రకటించెను. దక్షిణ అమెరికాలోని చిలీ, పెరూ, ఈక్వడార్ దేశములు ఆ మాటను పట్టుకొని మరి పదియడుగులు ముందుకు నడచి, 1952లో శాంటియాగో నగరమున కూడి, 200 మైళ్లవరకు సముద్రము తమదనిరి. పెద్దరాజ్యములు దానిని లెక్కచేయలేదు. లెక్కచేయించినది ఐస్‌లాండు. చేప తప్ప చెప్పదగిన సంపద లేని ఆ చిన్న ద్వీపము తన హద్దును 1958లో 12 మైళ్లకు, 1972లో 50కి, 1975లో 200కు పెంచెను. ప్రతిసారియు బ్రిటిషు ట్రాలర్లు వచ్చెను, వానికి కాపుగా బ్రిటిషు యుద్ధనౌకలును వచ్చెను. ఐస్‌లాండుకు నౌకాదళమే లేదు. దాని గస్తీపడవలు ట్రాలరు వెనుకగా సాగి, వలను లాగు ఇనుపత్రాళ్లను తెగగోయు ఒక కొక్కెపు సాధనమును నీటిలో దింపెడివి. లక్షల విలువగల వల సముద్రగర్భమున కలసిపోయెడిది. చేపలకొరకు సాగిన ఈ కలహము 1976 జూనులో బ్రిటను వెనుకకు తగ్గుటతో ముగిసెను.

సరిగా ఆ సంవత్సరముననే మన దేశమును 200 మైళ్ల మాట పలికెను. స్వాతంత్ర్యము వచ్చునాటికి మన జలముల హద్దు పాత ఫిరంగిలెక్క ప్రకారము మూడు మైళ్లే. అది 1956లో ఆరు, 1967లో 12 మైళ్లాయెను. 1976లో రాజ్యాంగమునకు 40వ సవరణయు, దాని వెంట సముద్రమండలముల శాసనమును వచ్చెను. తీరమునుండి 200 నాటికల్ మైళ్లవరకు, అనగా సుమారు 370 కిలోమీటర్ల దూరము, ప్రత్యేక ఆర్థిక మండలముగా 1977 జనవరి 15నుండి అమలులోనికి వచ్చెను. దాని వైశాల్యము 20 లక్షల చదరపు కిలోమీటర్లకు మించినది. కాగితముమీద ఒక్క దినములో మరియొక దేశమంత నీరు మన చేతికి వచ్చినది. ఆ నీటిని కాచుటకు 1977లో తీరరక్షక దళము తాత్కాలికముగా ఏర్పడి, 1978లో దానికి శాసనబద్ధమైన రూపము కలిగెను.

అయితే 1976 నాటి శాసనము గీత గీసినదే గాని, గీత దాటివచ్చిన చేపల నావను ఏమి చేయవలెనో వివరముగ చెప్పలేదు. ఆ లోపమును పూరించినది 1981 నాటి 42వ చట్టము. విదేశీనావల చేపలవేటను క్రమపరచు చట్టమని దాని పేరు. అదే సంవత్సరము నవంబరు 2న అమలులోనికి వచ్చినది; మరుసటి యేట దాని క్రింద నియమములు వెలువడినవి. ఈ చట్టమును శ్రద్ధగా చదువవలసిన అవసరము కలదు. తరువాత పదునైదు సంవత్సరములు రేవులలో జరిగిన కథయంతయు దానిలోని రెండు మూడు వాక్యములనుండియే పుట్టినది.

దీని శిక్షలు కఠినమైనవి. అనుమతి లేక మన 12 మైళ్ల ప్రాదేశిక జలములలో చేపలు పట్టిన విదేశీనావపై మూడేండ్ల వరకు ఖైదు గాని, 15 లక్షల రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. ఆ పైన 200 మైళ్ల లోపల పట్టినచో పది లక్షల వరకు జరిమానా. నావయు, వలయు, అందలి చేపయు జప్తు కావచ్చును. అనుమతి లేని నావ మన మండలముగుండా ఊరక పోవుచున్నను తన వలలను నిర్ణయించిన రీతిలో సర్ది లోపల పెట్టుకొనియే పోవలెను. ఇంతవరకు కంచె బాగుగనే యున్నది.

ఇక ద్వారముల మాట. చట్టము కంచెకు రెండు ద్వారములు పెట్టెను. ఒకటి లైసెన్సు: విదేశీనావ యజమాని స్వయముగా అడిగి తీసికొనునది. రెండవది పర్మిటు: భారతీయ పౌరుడుగాని, భారతీయ కంపెనీగాని ఒక విదేశీనావను తెచ్చి మన జలములలో నడుపదలచినపుడు తీసికొనునది. మొదటి ద్వారమున వచ్చువాడు పరాయివాడని అందరికి తెలియును. రెండవ ద్వారమున మనవాడు ముందు నడుచును. ఓడ అతని వెనుక వచ్చును.

మరి విదేశీనావ యనగా ఏది? భారతీయ నావ కానిదంతయు విదేశీనావయే యని చట్టము చెప్పుచున్నది. భారతీయ నావకు ఇచ్చిన నిర్వచనములో ప్రభుత్వపు నావ, పౌరుని నావ, సహకార సంఘపు నావ అనునవి సుళువుగా తెలియును. కంపెనీ విషయమున మాత్రము ఒక లెక్క పెట్టిరి. వాటాధనములో నూటికి అరువదికి తగ్గకుండ భారత పౌరుల చేతిలోనున్నచో అది భారతీయ కంపెనీ, దాని నావ భారతీయ నావ, మన దేశమున రిజిష్టరు కూడ అయియున్నయెడల. తక్కిన నలువదివంతులు ఎవ్వరివైనను కావచ్చును. అరువదివంతులును ఎవ్వరి ధనముతో కొన్నవో చట్టము అడుగదు. శాసనకర్తలు అజాగ్రత్తగా వ్రాసిరని మా యుద్దేశము కాదు. వాటాలను లెక్కింపవచ్చును గాని, వాటా వెనుకనున్న అప్పును లెక్కించుట ఏ రిజిష్ట్రారుకును సులభము కాదు.

ఇచట మన విశాఖపట్టణపు సంగతి కొంత చెప్పవలయును. 1970, 80 దశకములలో ఈ రేవు తూర్పుతీరమున లోతుసముద్రపు రొయ్యల నావలకు ముఖ్యస్థానమాయెను. ఆ నావలలో కొన్ని మెక్సికో దేశమునుండి తెప్పించినవి. ఇచట బయలుదేరి, ఉత్తరముగ ఒరిస్సా దాటి, హుగ్లీనది మొగకు వెలుపల శాండ్‌హెడ్స్ అని నావికులు పిలుచు మెరకనీటిలో రొయ్యలకై వల లాగెడివి. వలలో రొయ్యతోబాటు పడిన చిన్న చేపను, చోటు చాలదని, ధర రాదని, చాలవరకు సముద్రములోనే పారబోసెడివారు. ఒడ్డున జాలారిపేటలో ఆ చేపయే కూరయు, ఎండబెట్టినచో వర్షాకాలపు తిండియు. ఈ నావలు పుట్టుకచేత పరాయివి గాని యాజమాన్యముచేత భారతీయములు. కావున 1981 చట్టమునకు వీనితో పనిలేదు. నావ యెచ్చట కట్టిరి, దానిమీద ఏ జెండా యెగురుచున్నది, దానిలో ఎవరు పనిచేయుచున్నారు, దాని లాభము ఎవరికి చేరుచున్నది అను నాలుగు ప్రశ్నలకు నాలుగు వేరు సమాధానములుండవచ్చునని తెలిసికొనుటకు మన రేవుకంటె మంచి పాఠశాల లేదు.

పర్మిటు ద్వారమున వచ్చినవి అద్దెనావలు. భారతీయ కంపెనీ ఒకటి తైవాను, థాయిలాండు మొదలైన దేశముల ట్రాలర్లను కొంతకాలమునకు అద్దెకు తెచ్చుకొని, మన మండలములో వేటాడించి, ఆ అనుభవముతో తన సొంత నావలు సమకూర్చుకొనవలెనని ప్రభుత్వపు ఆలోచన. 1981లో పెట్టిన ఈ అద్దె విధానమును 1986లో, 1989లో సవరించిరి. ఆలోచన మంచిది. మన కంపెనీలకు లోతుసముద్రపు పరిజ్ఞానము లేదు, నావలు కొనుటకు ధనము లేదు. 200 మైళ్ల నీరు మాత్రము చేతనున్నది. వాడుకొననిచో ఇతరులు దొంగచాటుగ వాడుకొందురన్న భయమును ఉండెను. ఆ భయము నిరాధారము కాదు. అండమాను ప్రాంతమున అనుమతి లేక తిరుగు తైవాను, థాయి నావలను తీరరక్షక దళము ఆ రోజులలో మాటిమాటికి పట్టుకొనుచుండెను.

కాని ఆచరణలో జరిగినది వేరు. అద్దెకు వచ్చిన ట్రాలర్లలో జంటలుగా నడచునవి మెండు. రెండు ఓడలు దూరదూరముగ నడచుచు ఒకే పెద్దవలను నడుమ లాగుకొనిపోవును. దానికి తప్పించుకొను చేప అరుదు. పట్టిన సరకు మన రేవున దింపకుండ నేరుగా తమ దేశమునకు తరలింపబడుచున్నదనియు, లెక్కలలో చూపునది తక్కువయనియు, లోతునీటికని వచ్చినవి చీకటిపడగానే ఒడ్డుకు జరిగి చిన్న పడవల వలలను తెంపుచున్నవనియు మత్స్యకారులు మొరపెట్టుకొనిరి. మన కంపెనీ నేర్చుకొన్న విద్య పెక్కుచోట్ల కాగితములమీద సంతకము చేయుటవరకే పరిమితమైనదని కూడ ఆక్షేపణ వచ్చెను. ఈ ఆక్షేపణలన్నియు ప్రతి నావకును వర్తించునని చెప్పజాలము. వానిలో నిజమున్నదని మాత్రము తరువాతి చరిత్రయే ఒప్పుకొన్నది.

ఇదే చిక్కును మనకంటె ఎక్కువ అనుభవము, ఎక్కువ గస్తీనౌకలు కల బ్రిటనెట్లు ఎదుర్కొనెనో చూచిన, దోషము మన కార్యాలయములదే కాదని తేలును. యూరపు దేశములు 1983లో తమ సముద్రపు చేపను దేశదేశమునకు వంతులు వేసికొనిరి. 1980 దశకమున స్పెయినుదేశపు నావల యజమానులు బ్రిటనులో కంపెనీలు పెట్టి, తమ ఓడలను బ్రిటిషు ఓడలుగా రిజిష్టరు చేయించిరి. 1894 నాటి వారి పాతచట్టము ప్రకారము అది సులభము. ఓడ స్పెయినువారిది, వేట బ్రిటిషు వంతులోనిది, అమ్మకము స్పెయినులో. ఐస్‌లాండు విషయమున సముద్రము అందరిదని వాదించి యుద్ధనౌకలను పంపిన బ్రిటనే, పన్నెండేండ్లు తిరుగకముందే, 1988లో కొత్తచట్టము చేసి, యాజమాన్యములో నూటికి 75 వంతులు బ్రిటనులో నివసించు బ్రిటిషు పౌరులదై యుండవలెననెను. మన అరువదికంటె అది గట్టి లెక్క. పైకి కనబడు వాటాయే కాక, వాస్తవముగ ఫలము ననుభవించువాడు ఎవడని కూడ ఆ చట్టము అడిగెను.

దానివలన 95 నావలు రిజిష్టరునుండి తొలగు స్థితి వచ్చెను. ఫాక్టర్‌టేమ్ అను కంపెనీ మొదలుగా వాని యజమానులు న్యాయస్థానమున కెక్కిరి. యూరపు సమాజపు సభ్యదేశముల పౌరులు ఒకరి దేశములో నొకరు వ్యాపారము పెట్టుకొను స్వేచ్ఛ కలవారు గదా, ఈ 75 వంతుల నిబంధన దానికి విరుద్ధము గదా అని వారి వాదము. 1990లో యూరపు న్యాయస్థానము చెప్పిన తీర్పును అనుసరించి, బ్రిటనులోని అత్యున్నత న్యాయపీఠము, తమ పార్లమెంటు చేసిన శాసనమును ఆ కంపెనీలయెడల అమలుచేయరాదని ఆజ్ఞాపించెను. పార్లమెంటునకు మించినది లేదని పాఠములు చెప్పికొన్న ఆ దేశమున ఇది చిన్న సంగతి కాదు. మరుసటి యేట ఆ నిబంధనయే చెల్లదని యూరపు న్యాయస్థానము తేల్చెను. నష్టపరిహారపు వ్యాజ్యములు మరి కొన్ని యేండ్లు నడచెను. కొన్ని చేపల ఓడలు ఒక రాజ్యాంగ సంప్రదాయమును తిరుగవ్రాయించినవని చెప్పిన అతిశయోక్తి కానేరదు. నావ యెవ్వరిదను ప్రశ్న అంత లోతైనది. అమెరికాయును 1998లో ఇట్టి 75 వంతుల లెక్కనే తన మత్స్యశాసనమున చేర్చుకొనెను. వారికి అడ్డుపడు ఉమ్మడి న్యాయస్థానము లేదు గనుక అది నిలిచినది.

తిరిగి మన దేశమునకు వత్తము. 1991లో ఆర్థికవిధానము మారినపుడు లోతుసముద్రపు వేటకును కొత్త విధానము వచ్చెను. అద్దెతో ఆగక, విదేశీ కంపెనీలతో ఉమ్మడి వ్యాపారములకు, గుత్తకు తెచ్చు నావలకు, పరీక్షావేటకు అనుమతులిచ్చుట మొదలిడిరి. ఆ కాలమున లోతుసముద్రపు వేట వ్యవహారము వ్యవసాయ మంత్రిత్వశాఖ చేతిలో లేదు. 1988లో ఏర్పడిన ఆహారశుద్ధి పరిశ్రమల శాఖ చూచుచుండెను. ఒడ్డునకు దగ్గరి చేప ఒక శాఖది, దూరపు చేప మరియొక శాఖది. రాజ్యాంగము చేసిన విభజన దీనికి తోడు: ప్రాదేశిక జలములలోని వేట రాష్ట్రములది, ఆ పైది కేంద్రముది. మన రాష్ట్రపు సముద్రవేట చట్టము 1994లో వచ్చినది. అది 12 మైళ్లతో ఆగును. ఆ గీతకు అవతలినుండి ఇవతలికి జరుగు పెద్దనావను ఎవరు పట్టవలెనో జాలరికి తెలియలేదు. అర్జీ ఎవరికి పెట్టవలెనో చెప్పువారును అరుదైరి.

అంతవరకు మత్స్యకారులలోనే రెండు శిబిరములుండెను. తెప్పలవారికి, మర పడవలవారికి పడదు. 1970 దశకమునుండి అనేక తీరములలో వారు ఒకరి వలలొకరు తెంపుకొని, పడవలు తగులబెట్టుకొని, నెత్తురు చిందించుకొన్నవారు. 1991 నాటి విధానము వారిని ఒక్కటి చేసినది. జాతీయ మత్స్యకారుల వేదిక నాయకుడు థామస్ కొచ్చెరి, కేరళదేశపు క్రైస్తవ గురువు, వృత్తిచేత న్యాయవాది కూడ. ఆయన ముందుండగా, మర పడవల యజమానులు, చేపల ఎగుమతివర్తకులు, తెప్పలవారు ఒకే సంఘముగ కూడిరి. 1994 ఫిబ్రవరి 4న దేశమంతట తీరములందు వేటకు పోక సమ్మె చేసిరి. ఆ సంవత్సరమే నవంబరులో మరల రెండు దినములు చేసిరి. సమ్మె దినమున వేట మానినవానికి ఆ దినపు కూలియే లేదు. కార్యాలయములలోని సమ్మెకును దీనికిని గల తేడా ఇది. 1995 మేనెలలో కొచ్చెరి గాంధీజీ జన్మస్థలమైన పోర్‌బందరులో నిరాహారదీక్ష పూనెను.

ఆ దీక్షకు ముందే, 1995 ఫిబ్రవరిలో, ప్రభుత్వము పి. మురారి అధ్యక్షతను పరిశీలక సంఘమును నియమించియుండెను. సభ్యులు 41 మంది. పార్లమెంటు సభ్యులు, ఉద్యోగులు, శాస్త్రజ్ఞులు, మత్స్యకారుల ప్రతినిధులు కలసి తీరము తిరిగి, 1996 ఫిబ్రవరిలో 21 సిఫారసులతో నివేదిక నిచ్చిరి. అందు మొదటిది ఏ మాత్రము డొంకతిరుగుడు లేనిది: ఉమ్మడి వ్యాపారము, అద్దె, గుత్త, పరీక్షావేటల క్రింద నిచ్చిన అనుమతులన్నిటిని చట్టప్రకారము రద్దుచేయవలెను. ఇకముందు అట్టివి ఇయ్యరాదు, ఉన్నవానిని పొడిగింపరాదు. 20 మీటర్లకు లోపలి నావలతో మనవారు వేటాడు నీటిని, ఇకముందు వేటాడగల నీటిని, వారికే విడువవలెననియు, సముద్రపు వేటయంతయు ఒకే మంత్రిత్వశాఖ క్రిందికి రావలెననియు తక్కిన సిఫారసులలో కలదు. 1997లో ప్రభుత్వము సిఫారసులను అంగీకరించెను. లోతుసముద్రపు వేటయు వ్యవసాయశాఖకు తిరిగివచ్చెను. మత్స్యపరిశ్రమకు పేరులో చోటున్న మంత్రిత్వశాఖ మాత్రము 2019 వరకు ఏర్పడలేదు.

ఈ విజయము చిన్నది కాదు. ప్రభుత్వము తాను చేసిన ఒక విధానమును, ఒడ్డున వలలు ఎండబెట్టుకొనువారి మాట విని, నాలుగైదేండ్లలో వెనుకకు తీసికొన్న సందర్భములు మన చరిత్రలో అరుదు. కాని నిర్వచనములోని సందు పూడలేదు. విదేశీనావకు అనుమతి లేదన్న పిదప, వచ్చు నావ భారతీయ నావగా రాదొడగెను. 2002నుండి అమలుచేసిన అనుమతిపత్రపు పద్ధతిలో భారతీయ వ్యాపారులు విదేశములనుండి పెద్ద నావలను తెచ్చుకొని, ఇచట రిజిష్టరు చేసి, విదేశీ నావికులతో నడుపుకొనవచ్చును. కొన్నట్లు కాగితములున్నను, ఆ నావలలో కొన్ని నిజముగా తైవాను మొదలగు దేశములవారివేయనియు, పట్టిన సొర, తూర చేపలు నడిసముద్రముననే మరియొక ఓడకు మారుచున్నవనియు మత్స్యకార సంఘములు మరల మొరపెట్టెను. 2014లో మీనాకుమారి అధ్యక్షతను వచ్చిన నిపుణుల నివేదిక లోతుసముద్రమునకు మరిన్ని పెద్దనావలు కావలెనని సూచింపగా తీరమంతట మరల అలజడి పుట్టెను. చివరకు 2017లో ఆ అనుమతిపత్రపు పద్ధతిని రద్దుచేసిరి. జంటనావల వేటను మన మండలమున నిషేధించిరి.

2025 నవంబరులో కేంద్రప్రభుత్వము ప్రత్యేక ఆర్థిక మండలములోని వేటకు కొత్త నియమములను ప్రకటించెను. యంత్రముల నావలు అనుమతి పొంది పోవలెను, సహకార సంఘములకు ప్రాధాన్యము, విదేశీనావలకు ప్రవేశము లేదు. దూరపు నీటికి పోలేని చిన్న నావలకు తోడుగా తల్లినావ యొకటి నిలిచి వాని చేపను అందుకొను ఏర్పాటు కూడ వానిలో చెప్పిరి. సంఘము పేర రిజిష్టరైన అట్టి తల్లినావకు పెట్టుబడి ఎవరు పెట్టుదురో, అప్పుపత్రములో ఎవరి సంతకముండునో చూచుట మత్స్యశాఖవారి పని. పాత అద్దెనావల దస్త్రములు దీసి ముందు పెట్టుకొన్నచో వారికి ఎంతో శ్రమ తగ్గునని మా అభిప్రాయము.

ఇంతవరకు నావను గూర్చియు, యజమానిని గూర్చియు చెప్పుకొంటిమి. నావలోనున్న కూలివానిని గూర్చి చెప్పక విడుచుట న్యాయము కాదు. పట్టుబడిన నావ యజమాని పట్టుబడిన చోట నుండడు. అతడు తన ఊరిలో, తన కార్యాలయమున నుండును. కోర్టు మెట్లెక్కువాడు వల లాగినవాడు. ఆర్థిక మండలములో వేటాడిన నేరమునకు మన చట్టము ఖైదు చెప్పక జరిమానాయే చెప్పుటకు కారణము ఇట్టివారిపై దయయే యని అనుకొనరాదు. అది అప్పటికే దేశములమధ్య కుదురుచుండిన పద్ధతి. 1982లో సంతకములైన సముద్రన్యాయపు ఒడంబడికయు, దేశములు వేరుగ ఒప్పుకొన్ననే తప్ప, అట్టి నేరమునకు ఖైదు కూడదన్నది. మన దేశము దానిని 1995లో ధ్రువపరచెను. అయినను ఆ మాట అన్ని రేవులలో సమానముగ వినబడదు.

శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల పల్లెలనుండి ఏటేట వందలకొలది యువకులు పడమటితీరమునకు, గుజరాతులోని వెరావలు రేవునకు వలసపోవుదురు. ఇంటివద్ద వేట చాలక, అచటి యజమానుల నావలలో జీతమునకు కుదురుదురు. 2018 నవంబరులో అట్టి నావలు కొన్ని పాకిస్తాను గస్తీవారికి చిక్కెను. ఆ దేశపు శాసనము దృష్టిలో అవి విదేశీనావలు, వీరు విదేశీయులు. నావలో ఒక్క పలకయు వీరిది కాదు. కరాచీ చెరసాలలో ఏడాదికి పైగా గడపి, 2020 జనవరి 6న వారిలో ఇరువదిమంది వాఘా సరిహద్దు దాటి ఇల్లు చేరిరి. ఒడ్డున భార్యలు, తల్లులు ఆ పదునాలుగు నెలలు కార్యాలయముల చుట్టు తిరిగిరి. అచట చిక్కిన నావలు తరచుగా అక్కడి రేవుననే ఎండి, నాని, శిథిలములగును. యజమానికి నష్టము నావ. వీరికి రెండు వేటకాలముల కూలి పోయెను, అప్పు మిగిలెను. వారిలో కొందరు మరల వెరావలు బండియెక్కిరి.